పెట్టెలో గ్లోబు

1993 జూన్. మా హైస్కూల్లో ఆరో తరగతి, రెండో రోజే లెక్కల మాస్టారు పది భాగహారాలిచ్చారు. నాకు ఒక్కటి వచ్చింది, అదీ శేషం తప్పు. పక్కవాడు పదీ చేసేసి కిటికీలోంచి చూస్తున్నాడు.

"ఏ ఊరి బడిరా నీది?" అన్నారు మాస్టారు. చెప్పాను. కోప్పడలేదు. అదే ప్రశ్న అందరినీ అడుగుతూ పోయారు. సాయంత్రం ఆగమన్న డజను మందిమీ ఏకోపాధ్యాయ బడుల నుంచి వచ్చినవాళ్లమే.

మా ఊరు సాలూరు దాటాక కొండవైపు. అప్పటికి విజయనగరం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం. ఒకే గదిలో ఐదు తరగతులు. మాస్టారొక్కరే, బొబ్బిలి నుంచి బస్సులో వచ్చేవారు. జీతాల రోజున బడి లేదు, 1991 జనాభా లెక్కలప్పుడూ లేదు. ఐదులో ఉన్న నేనే ఒకటోవాళ్ల చేత అఆలు దిద్దించేవాణ్ణి. నా దస్తూరీ బాగుంటుందంటారు అందరూ, అక్కడిదే! పాపం, ఆయన బద్ధకస్తుడేం కాదు. ఐదు తరగతులకూ ఎక్కాలు అప్పజెప్పించుకునేసరికే పొద్దు వాలిపోయేది.

1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు అనే కేంద్ర పథకం ప్రతి బడికీ రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధన సామగ్రి ఇస్తామంది. మాకు సామగ్రి ఒక్కటే వచ్చింది, ఆకుపచ్చ రేకు పెట్టెలో. లోపల గ్లోబుందని ఊరందరికీ తెలుసు. పాడైతే స్టాకు రిజిస్టరు చూసి జీతంలో కోస్తారని మాస్టారి భయం, అందుకే తాళం వేశారు. పెట్టె మీద సుద్దముక్కల డబ్బా, హాజరు పట్టీ, గది కారినప్పుడు ఒకటో తరగతి పిల్లలు. మండల కేంద్రం బడిలో తరగతికొక టీచరు. అక్కడి గ్లోబును అట్ట ఊడేదాకా తిప్పామని హైస్కూల్లో నా పక్కవాడే చెప్పాడు.

దసరా సెలవులనాటికి మా డజను మందికీ భాగహారాలు వచ్చేశాయి. రోజూ ఒక గంట, ఒక మాస్టారు, అంతే. దానికి ఐదేళ్లు ఆగాల్సి వచ్చిందన్నదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

1996లో రాష్ట్రంలో మొదలైన డీపీఈపీ (జిల్లా ప్రాథమిక విద్యా పథకం) తొలి విడతలో మా విజయనగరం జిల్లా ఉంది. గదులు లేచాయి. మొన్న సంక్రాంతికి వెళ్తే మా బడికి టైల్సు, కుళాయిలు కూడా ఉన్నాయి. పిల్లలు మాత్రం పదకొండు మందే, మిగతావాళ్లు కాన్వెంటు వ్యానెక్కేశారు. అరవై మంది లోపున్నా ఇద్దరు టీచర్లుండాలని విద్యాహక్కు చట్టం. ఉన్నది టీచరమ్మ ఒక్కరే.

ఆకుపచ్చ పెట్టె మూలనే ఉంది. తాళంచెవి ఎవరికీ దొరకలేదు, రాయితో కొట్టి తీశాం. గ్లోబు మీద సోవియట్ యూనియన్ చెక్కుచెదరలేదు. ఒకటో తరగతి గుంటడొకడు వేలితో తోశాడు. ఇరుసు తుప్పుపట్టింది, తిరగలేదు.