పెంపకాన్ని రుచి చూడటం: స్పానిష్ వైన్లతో ఐదు నెలలు

ఫిబ్రవరిలో మాడ్రిడ్‌లోని మా ఫ్లాట్‌లో ఒక నోట్‌బుక్ మొదలుపెట్టాను. నియమం ఒక్కటే: ఒకసారికి ఒకే ద్రాక్ష రకం, దాని వైన్‌ని వేర్వేరుగా పెంచిన, అంటే వేర్వేరుగా నిల్వ ఉంచిన, సీసాలు పక్కపక్కన. ఖర్చు ముగ్గురు స్నేహితులం పంచుకుంటున్నాం. పేజీకి ఆరు గడులు: తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. ద్రాక్ష తొక్క, గింజల నుంచి వైన్‌కి వచ్చే టానిన్ గురించి ఎక్కడ చదివినా పెద్ద వివరణే ఉంటుంది. మనకు వగరు అంటే చాలు, జామపిందె కొరికిన నాలుకకు వెంటనే గుర్తొస్తుంది.

మొదట తెంప్రానియో అనే ఎర్ర వైన్ ద్రాక్ష. ఉత్తర స్పెయిన్‌లోని రియోహా ప్రాంతం నుంచి హోవెన్ (పెద్దగా పెంచని లేత వైన్), క్రియాన్సా, రెసెర్వా కొన్నాం. క్రియాన్సా అంటే స్పానిష్‌లో పెంపకం. ఎర్ర వైన్‌కి ఆ పేరు రావాలంటే రియోహాలో కనీసం రెండేళ్లు ఆగాలి, అందులో ఏడాది 225 లీటర్ల ఓక్ పీపాలో. రెసెర్వాకి మూడేళ్లు, గ్రాన్ రెసెర్వాకి ఐదేళ్లు. హోవెన్ గ్లాసులో నేరేడు పండు, వగరు సూటిగా తగిలింది. రెసెర్వాలో ఆ వగరు మెత్తబడి వెనీలా, ఎండుకొబ్బరి వాసన వచ్చింది. అది అమెరికన్ ఓక్ ఇచ్చే వాసన. మార్చిలో ఇదే ద్రాక్షతో రిబేరా దెల్ దువేరో అనే మరో ప్రాంతపు వైన్ తెచ్చాం. అక్కడ తోటలు ఎత్తైన పీఠభూమిలో ఉంటాయి, రాత్రుళ్లు బాగా చల్లబడతాయి. రంగు మరింత చిక్కన, వగరు గట్టిది. ఆవకాయ అన్నంతో మాత్రం వద్దు, కారం, వగరు రెండూ పెరిగి వైన్ రుచే తెలియలేదు.

ఏప్రిల్‌లో వాయవ్య స్పెయిన్‌లోని గలీసియా నుంచి అల్బరీన్యో అనే తెల్ల ద్రాక్ష వైన్. నిమ్మతొక్క, పచ్చి పీచ్, మంచి పులుపు. రొయ్యల వేపుడుతో బాగుంది.

మేలో దక్షిణ స్పెయిన్‌లో షెర్రీ వైన్ల ఊరు హెరెస్ వెళ్లాను. నా నోట్‌బుక్‌కి అసలు పని అక్కడే పడింది. అక్కడి పలోమీనో అనే తెల్ల ద్రాక్షతో చేసిన మామూలు వైన్ చప్పగా ఉంటుంది. దాన్ని సుమారు 15 శాతం ఆల్కహాల్‌కి తెచ్చి, పీపాను నిండా నింపకుండా పైన ఖాళీ వదిలితే ఫ్లోర్ అనే ఈస్ట్ పొర కడుతుంది. ఒక బొదెగాలో (వైన్ నిల్వ గిడ్డంగిలో) పీపా ముందు భాగానికి అద్దం పెట్టి చూపించారు: పాల మీద మీగడలా ముడతలు పడిన లేత పసుపు పొర. అది వైన్‌కి గాలి తగలనివ్వదు. అలా పెరిగిందే ఫినో. పులిసిన పిండి, పచ్చి బాదం వాసన, తీపి అసలు లేదు. సముద్రం ఒడ్డున సాన్లూకర్‌లో పెరిగితే మాన్సనియా. నా పేజీల్లో ఉప్పు గడి మొదటిసారి నిండింది దానితోనే.

అదే పలోమీనోని 17 శాతం దాటిస్తే ఫ్లోర్ బతకదు. గాలి తగిలి గోధుమ రంగుకి మారి ఒలొరోసో అవుతుంది. వాసన అక్రోటు, కాల్చిన చక్కెర. ముక్కు తీపి అంటుంది, నాలుక కాదంటుంది. ఫినో, ఒలొరోసో రెండూ ఒకే ద్రాక్ష నుంచి వచ్చాయంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. పీపాలను ఒకదాని మీద ఒకటి వరసలుగా పేర్చి, పైవరస పీపాల్లోని కొత్త వైన్‌తో కింది వరసను నింపుతూ పోతారు. వేర్వేరు ఏళ్ల వైన్ కలిసిపోతుంది, అందుకే చాలా సీసాల మీద పంట సంవత్సరం ఉండదు. పై వరసల పేరు క్రియాదేరా. అదీ పెంపకం నుంచి పుట్టిన మాటే. ఎండబెట్టిన ద్రాక్షతో చేసే పేద్రో హిమేనెస్ మాత్రం తాటిబెల్లం పాకంలా గ్లాసుకి అంటుకుంటుంది.

ఒక పొరపాటు చేశాను. తెరిచిన ఫినోని ఫ్రిజ్‌లో మూడు వారాలు ఉంచాను. బాదం వాసన పోయి కోసి వదిలేసిన యాపిల్ వాసన మిగిలింది. ఇప్పుడు 375 మిల్లీలీటర్ల సగం సీసాలే కొంటున్నాను, వారంలో అయిపోవాలి. ఒలొరోసోకి ఆ తొందర లేదు, నెల దాటినా బాగానే ఉంది. ఫినోని బాగా చల్లగా, మామూలు వైట్ వైన్ గ్లాసులోనే పోసుకోండి. అమ్మ పంపిన జంతికలతో దానికి కుదిరినట్టు మరి దేనికీ కుదరలేదు.

జూన్‌లో గది 30 డిగ్రీలు ఉన్నప్పుడు క్రియాన్సా మళ్లీ తెరిచాం. కారం గడిలో ఆల్కహాల్ మంటే రాసుకున్నాను. సీసాని అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే మంట తగ్గి పండు రుచి తిరిగి వచ్చింది.

వచ్చే నెలకి ఆగ్నేయ స్పెయిన్‌లోని హుమియా నుంచి మొనాస్ట్రెల్ అనే ఎర్ర వైన్ ద్రాక్షవి రెండు సీసాలు సిద్ధం. ఫ్రిజ్‌లో ఇంకా సగం మాన్సనియా ఉంది. తెరిచిన రోజు మార్కర్‌తో సీసా మీదే రాశాను: గురువారం.