పాత హార్డ్‌డిస్క్ అయస్కాంతంతో స్టిర్రర్ చేసుకున్నాం

బడి పిల్లలతో కలిసి మా ఊరి చేల మట్టి పీహెచ్ (పులుపు గుణమా, క్షార గుణమా చెప్పే కొలత) చూద్దామనుకున్నాను. 10 గ్రాముల మట్టిలో 25 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోసి, అరగంట పాటు మధ్యమధ్య కలుపుతుండాలి. చెలక, రేగడి, దుబ్బ అంటూ ఎవరి చేను మట్టి వాళ్లు తెస్తే గాజు కడ్డీతో ఎంతసేపని తిప్పుతాం? మాగ్నెటిక్ స్టిర్రర్, అంటే గిన్నె కింద అయస్కాంతం తిరుగుతుంటే లోపలి ఇనుప పుల్ల దాంతోపాటు తిరిగి కలిపే పరికరం, మనమే చేద్దామని వరంగల్ వెళ్లి, పాత కంప్యూటర్ సామాన్ల దుకాణంలో 12 వోల్టుల ఫ్యాను, అడాప్టర్, పాడైన హార్డ్‌డిస్క్ తీసుకున్నాను. "పని జెయ్యని డిస్కెందుకు సార్?" అన్నాడు దుకాణపాయన. నాకు కావాల్సింది దాని లోపలి నియోడైమియం అయస్కాంతం.

అసలు విషయమంతా ఆ అయస్కాంతంలోనే ఉంది. మామూలు బిళ్ల అయస్కాంతానికి ఒక ముఖం ఉత్తరమైతే రెండోది దక్షిణం. హార్డ్‌డిస్క్‌లో చదివే చేతిని కదిపే అయస్కాంతానికి మాత్రం ఒకే ముఖం మీద సగం ఉత్తరం, సగం దక్షిణం ఉంటాయి. పుల్ల ఒక కొసను ఉత్తరం, రెండో కొసను దక్షిణం పట్టుకోవాలి కాబట్టి స్టిర్రర్‌కు సరిగ్గా అదే కావాలి. ఒక్క ముక్క చాలు, జత వెతకనక్కర్లేదు. మేకును దాని మీదుగా జరిపిస్తే రెండు ధ్రువాలు ఎక్కడున్నాయో పిల్లలే పట్టేశారు. తీసేటప్పుడు మాత్రం వాళ్లను దూరంగా ఉంచాను, రెండు ముక్కల మధ్య వేలు పడితే చర్మం చితుకుతుంది.

ఫ్యాను నడిబొడ్డున ఇనుప వాషర్ అతికించి, దాని మీద అయస్కాంతం పెట్టాం. వాషర్ వల్ల లాభం ఏంటంటే, అటూ ఇటూ జరుపుతూ ఫ్యాను ఊగకుండా తిరిగే చోటు దొరికాకే అరాల్డైట్ వేయొచ్చు. పై మూతకు ప్లాస్టిక్ డబ్బానే వాడాలి. ఇనుప రేకు పెడితే అయస్కాంత క్షేత్రాన్ని అదే లాగేసుకుంటుంది.

తిరిగే పుల్ల కోసం మేకు ముక్కను స్ట్రాలో దూర్చి, రెండు కొసలూ వేడి చేసి నొక్కేశాం. నీళ్లలో తుప్పు పట్టదు, రేపు మైలుతుత్తం ద్రావణం కలిపినా ఇనుము మీద రాగి పేరుకోదు.

వేగం తగ్గించడానికి ఎల్ఎం317 రెగ్యులేటర్ (వోల్టేజీని కావాల్సినంతకు తగ్గించే చిప్), తిప్పే రెసిస్టర్ చాలు. మొదట్లోనే జోరుగా తిప్పితే పుల్ల అయస్కాంతాన్ని అందుకోలేక ఎగిరి పక్కకు పడుతుంది. అందుకే ఫ్యాను కదిలేంత వోల్టేజీతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతాం.

చెలక మట్టిలో ఇసుక ఎక్కువ, ముందే వేస్తే పుల్ల దాని కింద కూరుకుపోతుంది. నీళ్లు తిరగడం మొదలయ్యాకే కొంచెం కొంచెంగా మట్టి వేస్తున్నాం. రేగడిని ఉండలు లేకుండా నలిపి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి వేస్తే ఇబ్బంది లేదు.