రేవులో టార్చిలైటు

నిన్న రాత్రి నరసాపురంలో గోదావరి దాటించే పంటు ఎక్కాను. నాన్నగారితో పంతం పట్టి ఇల్లొదిలి మూడేళ్లు. నేను చేసిన అప్పులు, ఆడిన అబద్ధాలు అన్నీ ఆయనకు తెలుసు. వశిష్ఠ గోదావరి మధ్యకు వచ్చేసరికి ఒకటే టెన్షన్. ఏం చెప్పాలో మనసులోనే అప్పజెప్పుకుంటున్నాను.

సఖినేటిపల్లి రేవులో టార్చిలైటు వెలుగు. నాన్నగారే! మోకాళ్ల నొప్పులతో సరిగా నడవలేని మనిషి, పంచె ఎగ్గట్టి నీళ్ల అంచుదాకా దిగి నిలబడ్డారు. నా చేతిలో బ్యాగు లాక్కుని, “అన్నం తిన్నావా నాన్నా?” అన్నారు. ఇంకేమీ అడగలేదు.

ఈ ఉదయం చర్చిలో బైబిల్ తెరిచి లూకా 15వ అధ్యాయం తీశాను. యేసు చెప్పిన ఆ కథలో, ఇల్లొదిలి పోయి తిరిగొస్తున్న తప్పిపోయిన కుమారుడు కూడా దారిలో మాటలు సిద్ధం చేసుకున్నాడు, నన్ను కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో అందామని. తండ్రి ఆ మాట దాకా రానివ్వనే లేదు. వాడింకా దూరంగా ఉండగానే చూసి పరుగెత్తాడు. అంత దూరంలో కనిపించాడంటే, ఆయన ఆ దారి వైపే చూస్తూ ఉన్నాడన్నమాట! సండే స్కూల్ నుంచి వింటున్న కథే, ఇది మాత్రం ఇవాళే నా కంటపడింది.

“పరలోకమందున్న మా తండ్రీ” అని అందరూ మొదలుపెట్టారు. నాకు గొంతు పెగల్లేదు. పక్కనే నాన్నగారు కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నారు. పంచె అంచుకి రేవు బురద ఇంకా అలాగే ఉంది.