మంగళవారం, రాత్రి: బిడ్డకి ఆటిజం అని రిపోర్టు కొత్తగా చేతికొచ్చిన వాళ్ళ కోసం

ఇవాళ మామూలు రోజే. ఒక థెరపీ సెషన్ తర్వాత ఇంకొకటి, మధ్యలో కొత్తగా రిపోర్టు తీసుకున్న తల్లిదండ్రులు. కొత్తగా వచ్చేవాళ్ళు ముందు అడిగేది ఒకటే: "ఇది ఎన్నాళ్ళకి తగ్గుతుందండీ?" జ్వరం తగ్గినట్టు తగ్గేది కాదు ఆటిజం. బిడ్డ మెదడు పనిచేసే తీరే వేరు. ఆ తీరుతోనే మాట, ఆట, పని నేర్చుకుంటూ పెద్దవుతారు. ఎంతవరకు వస్తారన్నది మూడేళ్ళ వయసులో ఎవరూ చెప్పలేరు. ఖచ్చితంగా చెప్పేస్తున్నారంటే ఆ మాట నమ్మొద్దు. రేపు వచ్చేవాళ్ళకి చెప్పాల్సినవి ఇక్కడ రాసిపెడుతున్నాను.

రిపోర్టులో అంకె చూసి చాలామంది కుంగిపోతారు. ఆటిజం ఎంతుందో కొలిచే 'ఐసా' అనే మన దేశపు కొలమానంలో 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు. మొత్తం 70 నుంచి 106 అయితే స్వల్పం, 107 నుంచి 153 మధ్యస్థం, ఆపైన తీవ్రం. వైకల్య సర్టిఫికెట్‌కి ఆ అంకె కావాలి. బిడ్డ భవిష్యత్తు మాత్రం అందులో రాసిలేదు.

ముందు చెవి పరీక్ష. టీవీలో ప్రకటన రాగానే పరిగెత్తుకొస్తాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయని వదిలేస్తారు. కొన్ని రకాల శబ్దాలే వినపడని పిల్లలూ ఉంటారు. బిడ్డ నిద్రలో ఉండగా, శబ్దానికి మెదడు ఎలా స్పందిస్తుందో చూసే బెరా పరీక్ష ఒకసారి చేయించాలి. తెల్లన్నం, బిస్కెట్లు తప్ప ఏదీ ముట్టని బిడ్డయితే రక్తంలో ఐరన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) చూపించాలి. ఫిట్స్ గానీ, ఉన్నట్టుండి కొన్ని క్షణాలు స్పృహ లేనట్టు చూడటం గానీ ఉంటే ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్ తరంగాలు చూసే పరీక్ష. అలాంటి కారణమేదీ లేకుండా అందరికీ ఎమ్మారై అక్కర్లేదు.

థెరపీ లెక్క ఒకటి వేసి చూపిస్తే తల్లిదండ్రులకు వెంటనే అర్థమవుతుంది. వారానికి మూడు సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలు: అంటే రెండుంపావు గంటలు. బిడ్డ రోజుకి 12 గంటలు మెలకువగా ఉంటే వారానికి 84 గంటలు. మిగతా సమయమంతా ఇంట్లోనే. అందుకే సెంటర్ వెతికేటప్పుడు నేను అడగమనేది ఒక్కటే: "గదిలో మమ్మల్ని కూర్చోనిస్తారా?" తలుపు వేసుకుని, చివర్లో "ఇవాళ బాగా చేశాడు" అని పంపించే చోటుకి డబ్బు పెట్టడం నాకిష్టం ఉండదు.

ఇంట్లో చేయాల్సింది కొత్త పని కాదు. సాయంత్రం నాలుగింటికి ఎలాగూ బిస్కెట్ పెడతారు కదా, అక్కడే మొదలుపెట్టండి. లోపలివి కనిపించే డబ్బాలో వేసి, మూత గట్టిగా పెట్టండి. బిడ్డ మీ చెయ్యి పట్టుకుని డబ్బా దగ్గరికి లాక్కెళ్తాడు. "ఏం కావాలి? చెప్పు, బిస్కెట్ అను, అను" అని వెంటపడకండి. ఎదురుగా కింద కూర్చుని, డబ్బా మీ గడ్డం దగ్గర పట్టుకుని, మనసులో పది లెక్కపెట్టండి. ఒక చూపు, ఒక చేతి సైగ, ఒక శబ్దం, ఏది వచ్చినా అది అడిగినట్టే. వెంటనే "బిస్కెట్" అని ఒక్కసారి అని, పావు ముక్క ఇవ్వండి. రెండు బిస్కెట్లు అలా ఎనిమిది ముక్కలైతే ఎనిమిదిసార్లు అడిగే అవకాశం వస్తుంది. ఇప్పటికే ఒక్క మాట అనే బిడ్డయితే మీరు రెండు మాటలనండి: "బిస్కెట్ ఇవ్వు".

ఇది పాడయ్యేది రెండు చోట్ల. మాట పలికేదాకా ఇవ్వనని పట్టుబట్టడం ఒకటి. ఏడుపు మొదలవుతుంది, చివరికి ఏడుపుకి కరిగి ఇస్తాం, బిడ్డ నేర్చుకునేది ఏడవడమే. రెండోది, బాగా ఆకలి మీద ఉన్నప్పుడు చేయడం. కడుపు సగం నిండాకే ఈ ఆట.

తర్వాత ఏం జరగబోతుందో బిడ్డకి చూపించడానికి బొమ్మల కార్డులు వాడతాం. వాటితో మాటలు రావని నానమ్మలు, అమ్మమ్మలు భయపడతారు. అదేం జరగదు, చాలామందికి మాటకి సాయమే అవుతుంది. మీ ఇంటి బకెట్, మీ ఇంటి ఊయల ఫోటోలే తీసి, అరచేతంత కార్డులు చేసి, వెల్క్రోతో గోడకి అంటించండి. మొదట రెండే: ముందు స్నానం, తర్వాత ఊయల. స్నానానికీ మందుకీ మాత్రమే కార్డు చూపిస్తే బిడ్డ దాన్ని చించేస్తాడు, కార్డు వచ్చిందంటే కష్టమొచ్చిందని తెలిసిపోతుంది. ఇష్టమైన వాటికే ఎక్కువసార్లు చూపించాలి.

మిక్సీ శబ్దానికి చెవులు మూసుకుని కేకలేస్తుంటే మొండితనం అనుకోవద్దు. ఆ శబ్దం నిజంగానే బాధపెడుతుంది. వేసే ముందు జార్ చూపించి చెప్పండి, దూరంగా వెళ్ళడానికి సమయమివ్వండి. కారణం తెలియని గొడవలకు ఒక నోట్‌బుక్ పెట్టండి: టైమెంత, ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, తర్వాత మనమేం చేశాం. రెండు వారాలు రాస్తే చాలాసార్లు మలబద్ధకమో, నిద్ర చాలకపోవడమో బయటపడుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళ నుంచి తరచూ వచ్చే ప్రశ్న: ఇంట్లో తెలుగు మానేయాలా? వద్దు. రెండు భాషలు వింటే ఆటిజం ఉన్న పిల్లలకి మాట ఇంకా వెనకబడుతుందనడానికి ఆధారాల్లేవు. తాతయ్యతో మాట్లాడే దారి మూసేయకండి.

డబ్బు పోయే చోట్లు కూడా చెప్పాలి. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స సిఫారసు చేయలేమని 2022లోనే జాతీయ వైద్య కమిషన్ కమిటీ తేల్చింది. లోహాలు తీసేస్తామంటూ చేసే కీలేషన్ ప్రాణాలమీదకు తేవచ్చు. తినేవే నాలుగైతే, ఆటిజం తగ్గుతుందని పాలు, గోధుమ మాన్పించడం వల్ల బిడ్డ బలం తగ్గుతుంది. టీకాలు ఆపొద్దు, ఆటిజానికి వాటితో సంబంధం లేదు.

కాగితాలు: జిల్లా ఆసుపత్రుల్లోని డీఈఐసీల్లో, అంటే పిల్లల ఎదుగుదల లోపాలకు తొందరగా సాయం అందించే కేంద్రాల్లో, పిల్లలకు సేవలు ఉచితం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ (మేధోపరమైన వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ) ఉంది. వైకల్యం ఉన్నవాళ్ళకిచ్చే గుర్తింపు కార్డు, యూడీఐడీ కార్డుకి దరఖాస్తు పెట్టండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చుకీ కొంత వస్తుంది.

వీటన్నిటికంటే ముందు, ఈ వారమే చేయాల్సింది ఇంకొకటుంది. ఈ పిల్లల్లో చాలామంది చెప్పకుండా బయటికి వెళ్ళిపోతారు, నీళ్ళంటే ప్రాణం పెడతారు, ప్రమాదం తెలియదు. సంపు మూతకి తాళం, వీధి తలుపుకీ మేడ తలుపుకీ బిడ్డకి అందనంత ఎత్తులో గడియ, చేతికి మీ ఫోన్ నంబరున్న బ్యాండ్. వాచ్‌మన్‌కీ, పక్కింటివాళ్ళకీ, వీధి చివర కిరాణా కొట్టాయనకీ బిడ్డని చూపించి, పిలిస్తే పలకడని, ఒంటరిగా కనిపిస్తే పట్టుకుని ఫోన్ చేయమని చెప్పిరండి.