ఒకటికి పన్నెండు: ఏరోమోడలింగ్ గదిలో ప్లాను పెంచిన పద్ధతి

పైపర్ జె-3 కబ్ అనే చిన్న విమానం త్రీ-వ్యూ బొమ్మ (పైనుంచి, పక్కనుంచి, ఎదుటినుంచి గీసినది) 1/72 స్కేల్లో అరపేజీలో ఇమిడిపోతుంది. అసలు విమానానికి రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 35 అడుగుల 3 అంగుళాలు, కాగితం మీద 149 మిల్లీమీటర్లు. ఆ బొమ్మను 1/6కి పెంచి 1,791 మి.మీ. రెక్కగా చార్టుల మీద గీయడం మన బడి ఏరోమోడలింగ్ గదిలో నేర్చిన విద్య. బాల్సా అనే తేలిక కర్రను కోయడం, అతికించడం చెయ్యి మరిచిపోదు. ప్లాను పెంచడంలోని కిటుకులే మరుపున పడతాయి. ఇప్పుడు పిల్లలతో కలిసి మళ్లీ మోడల్ మొదలుపెడదామనుకునే పాత బ్యాచ్‌లవాళ్ల కోసం వాటినే ఇక్కడ పెడుతున్నాను.

72ను 6తో భాగిస్తే 12. అంటే బొమ్మలో ప్రతిదీ పన్నెండింతలు కావాలి, తప్పుతో సహా. 0.3 మి.మీ. గీత 3.6 మి.మీ. పట్టీ అవుతుంది. ఆ పట్టీకి లోపలి అంచు తీసుకోవాలా, బయటిదా? ముందే ఒకటి అనుకుని (గీత నడిమధ్య మేలు) చివరిదాకా దానికే కట్టుబడాలి. రెక్క వెడల్పు, అంటే కార్డ్, బొమ్మ మీద స్కేలు పెట్టి 22 అని చదివితే 264 వస్తుంది, 22.5 అని చదివితే 270. నిజానికి అసలు కార్డ్ 63 అంగుళాలు. ఆరో వంతు 10.5 అంగుళాలు, అంటే 266.7 మి.మీ. దీనికి బొమ్మతో పనే లేదు. అందుకే గదిలో మొదటి నియమం: అచ్చులో దొరికే కొలతలన్నీ అంకెలతోనే భాగించాలి. బొమ్మను అడగాల్సింది వంపులు మాత్రమే: రెక్క కొస గుండ్రం, తోక ఆకారం, కౌలింగ్ (ఇంజన్ మీది తొడుగు), కిటికీల వాలు.

బొమ్మ కింద అచ్చేసిన స్కేలును నమ్మకండి. అచ్చులో, జిరాక్సులో అది మారిపోతుంది. పైగా నిలువునా అడ్డంగా ఒకేలా మారదు. కబ్ పొడవు 22 అడుగుల 5 అంగుళాలు. 1/72లో స్పాన్ (రెక్క కొస నుంచి కొసకు) 149.2, పొడవు 94.9 రావాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.57. మీ చేతిలో ఉన్న కాపీలో ఆ నిష్పత్తి రాకపోతే కాపీ ఒక దిక్కున సాగినట్టే. అప్పుడు అడ్డానికొక గుణకం, నిలువుకొక గుణకం వాడాలి. జిరాక్సు మిషన్ సంగతి తేల్చుకోవాలంటే 100 మి.మీ. చదరం గీసి కాపీ తీసి, భుజాలూ, మూల నుంచి మూలకు రెండు కొలతలూ చూడండి. భుజాలన్నీ 100 దగ్గర, మూలకొలతలు రెండూ 141.4 దగ్గర సమానంగా ఉండాలి. మిషన్ 200 శాతం దాకానే పెంచగలిగితే 2, 2, 2, 1.5 చొప్పున నాలుగు విడతల్లో పన్నెండింతలు వస్తుంది. కానీ ప్రతి విడతకూ వంకర మీద వంకర చేరుతుంది. అది ఆకారం చూసుకోడానికే తప్ప కోతకు పనికిరాదు.

బొమ్మ మీద గళ్లు గీసి, ఒక్కో గడిలో ఉన్నదాన్ని పెద్ద గడిలోకి దించే గళ్ల పద్ధతి అందరికీ తెలిసిందే. 5 మి.మీ. గడి 60 అవుతుంది. అంత పెద్ద గడిలో వంపును చేత్తో లాగితే ఎవరి వంపు వాళ్లది. వంపు ఉన్నచోట 2.5 మి.మీ. గళ్లు వేసి 30కి పెంచాలి. ఫ్యూజలాజ్‌కు, అంటే విమానం ఒడలికి, గళ్లకన్నా స్టేషన్ల పద్ధతి నయం. ముక్కు నుంచి తోక దాకా ఒక ఆధారరేఖ గీసి, ఫార్మర్లు (ఒడలికి ఆకారమిచ్చే అడ్డపలకలు) వచ్చే చోట నిలువు గీతలు పెట్టి, ప్రతి గీత మీద రేఖకు పైకెంత, కిందికెంత అన్నది పట్టికలో రాసుకుని 12తో హెచ్చించాలి. వచ్చిన చుక్కల వెంట సన్నటి బాల్సా బద్ద వంచి గీస్తే, తప్పు కొలత ఉన్న చుక్క దగ్గర బద్ద ఒప్పుకోదు, అక్కడ ఎగుడుదిగుడు కనిపిస్తుంది. చుక్కను వదిలి బద్దను నమ్మండి. ఒకే స్టేషన్ దగ్గర పక్క బొమ్మలోని ఎత్తు, ఎదుటి బొమ్మలోని ఎత్తు కలవకపోతే, రెండింట్లో ఫొటోలకు దగ్గరగా ఉన్నదే తీసుకోవాలి.

కొత్తవాళ్లు పడే గోతి ఇంకోటుంది. వెనక్కి సన్నబడే ఫ్యూజలాజ్ పక్క పలక పక్క బొమ్మలో ఉన్నదానికన్నా నిజంగా పొడవు. 700 మి.మీ. దూరంలో ఒక్కో వైపు 60 లోపలికి వస్తే పలక 702.6 ఉండాలి. బొమ్మ ప్రకారం కోస్తే తోక దగ్గర రెండున్నర మిల్లీమీటర్లు తక్కువొస్తుంది. చక్రాల కాళ్లయితే రెండు బొమ్మల్లోనూ కురచగానే కనిపిస్తాయి. అసలు పొడవు లెక్కగట్టాల్సిందే. ఇక కోణాలు పెరగవు. డైహెడ్రల్, అంటే రెక్కలు కొసల వైపు పైకి లేచే కోణం, అసలు విమానానికి ఎంతో మోడల్‌కూ అంతే. దాన్ని కూడా గుణించినవాళ్లున్నారు!

ఎయిర్‌ఫాయిల్‌ను, అంటే రెక్కను అడ్డంగా కోస్తే కనిపించే ఆకారాన్ని, ఎప్పుడూ బొమ్మ నుంచి పెంచొద్దు. కబ్‌కు అసలైనది యూఎస్ఏ 35బి. మోడల్‌కు చాలామంది క్లార్క్ వై వాడతారు, అడుగు చదునుగా ఉండి బోర్డు మీద కూర్చుంటుంది. అంకెలు కార్డ్‌లో శాతాలుగా దొరుకుతాయి. 266.7 కార్డ్‌కు ముందంచు నుంచి 10 శాతం దగ్గర, అంటే 26.7 మి.మీ. దూరాన, పైగీత ఎత్తు 9.6 శాతం, 25.6 మి.మీ. 30 శాతం దగ్గర 11.7 శాతం, 31.2 మి.మీ. 60 దగ్గర 9.15 శాతం, 24.4 మి.మీ. ఇది బయటి ఆకారం. పైనా కిందా 1.5 మి.మీ. బాల్సా షీటు వేస్తే, షీటు ఉన్నంతమేర రిబ్‌ను (రెక్కకు ఆకారమిచ్చే పలకను) రెండు వైపులా అంత తగ్గించి కోయాలి. 31.2 ఉన్నచోట రిబ్ 28.2 అన్నమాట.

త్రీ-వ్యూ కాకుండా చిన్న మోడల్ ప్లానునే 150 శాతానికి పెంచేవాళ్లకు వేరే తంటా. 6 మి.మీ. స్పార్ (రెక్క పొడవునా సాగే కర్ర) గాడి 9 అవుతుంది, కొనుక్కొచ్చిన కర్ర మాత్రం 6గానే ఉంటుంది. గాళ్లు, ట్యాబులు, మోటారు మౌంటు చెరిపేసి దొరికే కర్ర కొలతకు మళ్లీ గీయాలి. రిబ్‌ల మధ్య దూరం కూడా ఒకటిన్నర రెట్లయి, రెక్క మీద కప్పే కవరింగ్ రిబ్‌ల నడుమ కుంగుతుంది. రిబ్‌లు కలపాలి. కర్రనూ అదే నిష్పత్తిలో లావు చేస్తే విస్తీర్ణం 2.25 రెట్లు, బరువు 3.375 రెట్లు అవుతాయి. అసలు కబ్ ఎగిరే గరిష్ఠ బరువు 1,220 పౌన్లు. 6 ఘనం 216తో భాగిస్తే 5.65 పౌన్లు, సుమారు 2.56 కిలోలు. మోడల్ ఆ అంకె లోపు ఉంటే కబ్‌లా నెమ్మదిగా ఎగురుతుంది.

ఇప్పుడు ప్లాటర్ (పెద్ద కాగితాల ప్రింటర్) మీద ఒకే కాగితంపై తీయించుకోవచ్చు. షాపులో "పేజీకి సరిపడేలా" అన్న సెట్టింగ్ తీసేయమనండి. ప్లాను మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి 500 మి.మీ. గీతలు ముందే గీసి పంపి, డబ్బులిచ్చేలోపు టేపు పెట్టి చూసుకోండి. వానాకాలం చెమ్మకు కాగితం సాగుతుంది కాబట్టి కుడి, ఎడమ రెక్కల రిబ్‌లకు ఒకే ప్లైవుడ్ టెంప్లేటు వాడాలి. టెంప్లేటు కోసం కాగితాన్ని ప్లైవుడ్‌కు అతికించేటప్పుడు నీళ్ల గమ్ వద్దు, తడికి కాగితం ఉబ్బి కొలత తప్పుతుంది. సైకిల్ పంచర్ సొల్యూషన్ పల్చగా రెండు వైపులా రాసి, ఆరనిచ్చి అద్దితే చాలు. పనయ్యాక కాగితం ఊడొస్తుంది, మిగిలిన జిగురును వేలితో ఉండచుట్టి తీసేయవచ్చు.