రేపటి ఆటకు ముందు రాత్రి

శుక్రవారం, సెప్టెంబర్ 12, 2025
క్యాంటన్, మిషిగన్

ఈ ఉదయం చెత్తడబ్బాను రోడ్డు పక్కకు తోసుకెళుతుంటే, ఎదురింటి పెద్దాయన గరాజు ముందు నిచ్చెన వేసుకుని నీలం జెండా కడుతూ కనిపించారు. వెళ్ళి నిచ్చెన పట్టుకున్నాను. జెండా గాలికి విప్పుకుని దాని మీది పసుపు ‘ఎం’ అక్షరం కనబడ్డాక ఆయన నెమ్మదిగా కిందికి దిగి, నా ఒంటి మీది మెరూన్ జాకెట్ చూసి, "రేపు మీవాళ్ళు వస్తున్నారు కదా" అన్నారు. ‘మీవాళ్ళు’ అన్న ఆ ఒక్క మాట రోజంతా నా వెంటే ఉంది. ఈ దేశానికి వచ్చి పదకొండేళ్ళయినా, ఇక్కడివాళ్ళు ఒక జట్టును చూపించి అది నాది అనడం ఇప్పటికీ నాకు ఎంతో సంతోషం కలిగిస్తుంది.

రేపు మధ్యాహ్నం 12 గంటలకు ఆన్ ఆర్బర్‌లో యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ జట్టుతో నేను చదువుకున్న సెంట్రల్ మిషిగన్ యూనివర్సిటీ జట్టు అమెరికన్ ఫుట్‌బాల్‌లో తలపడుతోంది. అందరూ బిగ్ హౌస్ అని పిలుచుకునే ఆ మిషిగన్ స్టేడియంలో 1,07,601 మంది కూర్చోవచ్చు. ఇక్కడికి ఉత్తరాన రెండు గంటల ప్రయాణంలో ఉన్న మౌంట్ ప్లెజెంట్ ఊళ్ళో మా కెల్లీ షార్ట్స్ స్టేడియంలో పట్టేది సుమారు 30 వేల మంది. అంటే మా మైదానాలు మూడు తెచ్చి అందులో పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. మిషిగన్ 2023 సీజన్‌లో జాతీయ ఛాంపియన్. మాది మిడ్ అమెరికన్ కాన్ఫరెన్స్ అనే చిన్న కూటమిలోని జట్టు, మంగళవారం, బుధవారం రాత్రుళ్ళు చలిలో ఆడితే తప్ప టీవీలో చోటు దొరకనిది. పొట్టేలు కొండను ఢీకొనబోతోందనే అందరూ అనుకుంటున్నారు, అనుకోవడంలో తప్పు కూడా లేదు.

నేను 2014లో ఎం.ఎస్. చదవడానికి మౌంట్ ప్లెజెంట్ చేరినప్పుడు, పార్క్ లైబ్రరీలో ఏ మూల కూర్చున్నా గుంటూరు యాసో కరీంనగర్ యాసో చెవిన పడేది. మేమందరం క్రికెట్ పిచ్చివాళ్ళం. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆటను ఫుట్‌బాల్ అని ఎందుకంటారో మాకు అర్థమయ్యేది కాదు. డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగే పనిలో నాతో ఉన్న ఒక అమెరికన్ కుర్రాడు, ఒక శనివారం షిఫ్టు అయిపోగానే, తడి ఏప్రన్ విప్పనైనా విప్పకముందే నన్ను స్టేడియానికి లాక్కుపోయాడు. విద్యార్థి కార్డు చూపిస్తే లోపలికి వదిలారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలన్న మొదటి పాఠం ఆ కుర్రాడు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు. చిప్పెవా అనే ఆ జట్టు పేరును అక్కడి సాగినా చిప్పెవా తెగవారి అంగీకారంతోనే వాడుకుంటున్నారని కూడా అతనే చెప్పాడు. ఆ సాయంత్రం ‘ఫైర్ అప్ చిప్స్’ అని గొంతు పోయేలా అరిచాను. ఇంటి మీద బెంగ మొదటిసారి కొన్ని గంటలపాటు గుర్తుకు రాకపోవడం ఆ రోజే జరిగింది కనుక, ఆ జట్టుకు నేను ఎన్నటికీ రుణపడి ఉంటాను.

ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరో తెల్లబోర్డు మీద గీతలు గీసి అందరి చేతా స్కోరు అంచనాలు రాయించారు. ఎవరు గెలుస్తారని ఒక్కరూ అడగలేదు, ఎంత తేడాతో అన్నదే ప్రశ్న. 52-7, 49-10, 56-3 అంటూ రాసుకుపోయారు. గత శనివారం ఓక్లహోమాలో 24-13 స్కోరుతో ఓడిన కసి మిషిగన్‌కు ఉందనీ, పక్కనే ఉన్న బెల్‌విల్ నుంచి వచ్చిన కొత్త క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి జట్టు దాడిని నడిపించే కుర్రాడు, బ్రైస్ అండర్‌వుడ్ సొంత ప్రేక్షకుల ముందు ఆ కసి తీర్చుకుంటాడనీ వాళ్ళ లెక్క. ప్రధాన కోచ్ షెరోన్ మూర్‌కు విశ్వవిద్యాలయమే విధించిన రెండు ఆటల సస్పెన్షన్ రేపటితో మొదలవుతున్నా, దాని ప్రభావం ఉంటుందని ఎవరూ అనుకోవడం లేదు. మావాళ్ళు తొలి ఆటలో శాన్ హోజే స్టేట్‌పై 16-14తో గెలిచి, ఆ తరువాతి వారం పిట్స్‌బర్గ్‌లో 45-17తో ఓడి వస్తున్నారు. నా వంతు వచ్చినప్పుడు 31-17 అని రాశాను. మావాళ్ళు గెలుస్తారని రాయడానికి నా చేయి రాలేదు, కానీ పదిహేడు పాయింట్లు చేస్తారని మాత్రం మనస్ఫూర్తిగానే నమ్మాను.

మిషిగన్ స్టేట్ అనే మరో విశ్వవిద్యాలయంలో చదివిన మా ఆఫీసు టీమ్ పెద్దాయన ఆ అంకె చూసి నా పక్కన కూర్చున్నారు. సరిగ్గా పదహారేళ్ళ క్రితం ఇదే తేదీన, 2009 సెప్టెంబర్ 12న, వాళ్ళ సొంత మైదానంలో సెంట్రల్ మిషిగన్ 29-27తో వాళ్ళను ఓడించిందని ఆయనే గుర్తు చేశారు. ఆట ఇంకా అర నిమిషమే ఉందనగా మావాళ్ళు బంతిని అవతలి చివరి గీత దాటించి, అంటే టచ్‌డౌన్ చేసి, 27-26తో ఒక్క పాయింటు దూరానికి వచ్చారు, దాని తరువాత దొరికే రెండు పాయింట్ల ప్రయత్నం విఫలమైంది, అయితే వెంటనే ఆన్‌సైడ్ కిక్ కొట్టి, అంటే బంతిని దగ్గర్లోనే పడేలా తన్ని, దాన్ని మళ్ళీ దక్కించుకున్నారు. మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ కోసం ఆండ్రూ అగిలా స్తంభాల మధ్యకు తన్నిన మొదటి బంతి గురి తప్పింది, కానీ అవతలివాళ్ళు బంతి కదలకముందే గీత దాటడం వల్ల అతనికి ఐదు గజాలు దగ్గరగా మరో అవకాశం దొరికింది, మూడు సెకన్లు మిగిలి ఉండగా ఆ కిక్ పడింది. "ఆ గీత దాటిన అడుగు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది" అన్నారాయన. పదహారేళ్ళ నాటి ఓటమిని గజాలతో, సెకన్లతో సహా చెప్పగలిగిన మనిషిని చూస్తే, పెద్ద జట్టు అభిమానులకు ఇలాంటి ఆటలు ఎంత భయమో నాకు అర్థమైంది. గెలిస్తే ఎవరూ మెచ్చుకోరు, ఓడితే జీవితాంతం మోయాలి.

ఇంత అసమానమైన జట్లను ఎదురెదురుగా ఎందుకు నిలబెడతారని ఇంటికి వచ్చాక నా భార్య అడిగింది. డబ్బు కోసమే. పెద్ద విశ్వవిద్యాలయాలకు సొంత మైదానంలో నిండుగా ప్రేక్షకులున్న ఆటలు కావాలి, చిన్నవాటికి ఏడాదంతా తమ క్రీడా విభాగం నడవడానికి సొమ్ము కావాలి. అందుకని పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు ముందే ఒప్పుకున్న మొత్తం చెల్లించి పిలిపించుకుంటారు. పోయిన ఏడాది సెప్టెంబర్‌లో మా కూటమికే చెందిన నార్దర్న్ ఇల్లినాయ్‌కు నోటర్ డామ్ 14 లక్షల డాలర్లు ఇచ్చి పిలిచి, 16-14తో ఓడిపోయింది. అప్పుడు దేశంలో ఐదో ర్యాంకులో ఉన్న ఆ నోటర్ డామే జనవరిలో జాతీయ ఫైనల్ దాకా వెళ్ళింది. ఆట అయ్యాక నార్దర్న్ ఇల్లినాయ్ కోచ్ థామస్ హామక్ టీవీ కెమెరా ముందు మాట పెగలక కన్నీళ్ళు పెట్టుకున్న దృశ్యం చూసి నేనూ కళ్ళు తుడుచుకున్నాను. ఆయన అదే విశ్వవిద్యాలయంలో ఆడి, అక్కడికే కోచ్‌గా తిరిగి వచ్చిన మనిషి.

అయితే అలాంటి రోజులు ఇకముందు ఇంకా అరుదవుతాయేమోనన్న దిగులు నాకుంది. ఈ ఏడాది జూలై 1 నుంచి విశ్వవిద్యాలయాలు తమ క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు, ఏడాదికి సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా. అంత ఇవ్వగల స్తోమత మిషిగన్‌కు ఉంది, మాకు లేదు. మా దగ్గర ఒక కుర్రాడు బాగా ఆడాడంటే మరుసటి ఏడాదికల్లా పెద్దవాళ్ళు వచ్చి తీసుకుపోతారు. మా నారుమడిలో పెరిగిన మొక్క మరొకరి పొలంలో పంటకొస్తుంది. నాకు ఇది న్యాయంగా తోచదు. ఆ కుర్రాళ్ళను మాత్రం తప్పుపట్టలేను, వాళ్ళ ఇళ్ళల్లో ఎన్ని అవసరాలుంటాయో.

ఎదురింటి పెద్దాయన కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. 2007 సెప్టెంబర్ 1న అపలాచియన్ స్టేట్ ఆటకు ఆయన స్టేడియంలోనే ఉన్నారు. నార్త్ కరోలినా కొండల్లోని బూన్ అనే చిన్న ఊరి నుంచి, ఒక మెట్టు కింది శ్రేణి నుంచి వచ్చిన ఆ జట్టు, ఐదో ర్యాంకు మిషిగన్‌ను 34-32తో ఓడించింది. ఆ ఆటను ప్రసారం చేసిన బిగ్ టెన్ నెట్‌వర్క్ మొదలై అప్పటికి రెండు రోజులే అయింది, వాళ్ళింటి కేబుల్లో ఆ ఛానెల్ ఇంకా రావడం లేదు, అందువల్ల ఆయన భార్య వంటింట్లో రేడియో పెట్టుకుని విన్నారట. చివరి క్షణంలో మిషిగన్ కొట్టిన 37 గజాల ఫీల్డ్ గోల్‌ను కోరీ లించ్ చేతులడ్డుపెట్టి ఆపాడు. లక్ష మంది ఒక్కసారిగా మౌనమైపోతే దూరంగా ఒక మూల ఉన్న కొద్దిమంది కేకలు మాత్రం వినిపించాయని, తన జీవితంలో అంత నిశ్శబ్దం చావింట్లో కూడా వినలేదని ఈ ఉదయం నిచ్చెన మడుస్తూ చెప్పారు. ఆ మరుసటి ఏడాది మా కూటమిలోని టొలీడో కూడా 13-10తో అక్కడ గెలిచింది. అప్పటి నుంచి ఏ ఆటనూ సులువైనదని ఆయన నోటితో అనలేదట. రేపటి స్కోరు ఊహించమంటే తల అడ్డంగా ఊపారు.

నా దగ్గర చెప్పుకోవడానికి 2016 ఉంది. చదువు పూర్తయి మొదటి ఉద్యోగంలో చేరి, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక గెస్ట్ హౌస్‌లో మరో నలుగురితో ఉంటున్న రోజులవి. సెప్టెంబర్ 10న ఓక్లహోమా స్టేట్ మీద మావాళ్ళు 27-24తో వెనకబడి ఉండగా గడియారంలో సమయం అయిపోయింది. అవతలివాళ్ళు ఆఖరి బంతిని ఖాళీ మైదానంలోకి విసిరేసినందుకు అంపైర్లు మావాళ్ళకు మరొక్క అవకాశం ఇచ్చారు. కూపర్ రష్ యాభై గజాల దూరం విసిరిన బంతిని జెస్సీ క్రోల్ గుంపులో ఎగిరి అందుకుని, కింద పడిపోతూనే వెనక్కి తిరిగి కోరీ విల్లిస్‌కు అందించాడు, విల్లిస్ మైదానం అడ్డంగా పరుగెత్తి మూలకు చేరి టచ్‌డౌన్ చేశాడు, మావాళ్ళు గెలిచారు. గెస్ట్ హౌస్ నేల మీద పరిచిన పరుపు మీద నేను ఒక్కడినే గెంతుతుంటే, అన్నం కలుపుతున్న చేతులు అలాగే ఆపి మిగతావాళ్ళు నన్ను చూశారు. ఆ అవకాశం ఇవ్వడమే నిబంధనల ప్రకారం తప్పని అధికారులు తరువాత ఒప్పుకున్నారు, ఫలితం మాత్రం మారలేదు. అది తెలిసిన రాత్రి నాకు బాధ కలిగింది. గెలుపు మీద ఆ మచ్చ ఉంది. అయినా, వందల ఆటల్లో ఒకసారి కూడా పడని బంతి ఆ రోజు క్రోల్ చేతుల్లో పడింది, అది ఏ అధికారీ ఇచ్చింది కాదు.

సాయంత్రం ఆన్ ఆర్బర్ నుంచి మా బావమరిది వచ్చాడు. మిషిగన్‌లో ఎం.ఎస్. రెండో ఏడాది. గుమ్మంలోనే ‘గో బ్లూ’ అని, "బావా, 2013లో 59-9 అయింది, తెలుసు కదా, మీరు మనసు కష్టపెట్టుకోకండి" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. భోజనాలయ్యాక టేబుల్ మీద ఉప్పు డబ్బాలు, ఆవకాయ సీసాలు వరసగా పెట్టి, రేపు నేను ఏం చూడబోతున్నానో వాడికి చూపించాను. అందరి కళ్ళూ బంతి మీద ఉంటాయి, నా కళ్ళు మాత్రం మావాళ్ళ అడ్డుగోడ మీద, ముందు వరసలో నిలబడే ఐదుగురి మీద ఉంటాయి. మొదటి క్వార్టర్‌లో, అంటే ఆట నాలుగు భాగాల్లో మొదటిదానిలో, వాళ్ళు మిషిగన్ వాళ్ళకు సమానంగా నిలబడగలరు, బలంలో తేడా అప్పుడు అంతగా తెలియదు. కానీ మిషిగన్ దగ్గర ఒకరు అలిసిపోతే అంతటివాడే మరొకడు బెంచీ మీద నుంచి లేచి వస్తాడు, మా దగ్గర రాడు. మూడో క్వార్టర్ వచ్చేసరికి కాళ్ళు బరువెక్కి, తోపులాటలో అరడుగు వెనక్కి జరగడం మొదలవుతుంది, స్కోరు ఎగబాకేది అక్కడే. ఆ మూడో క్వార్టర్‌లో మావాళ్ళు ఎన్నిసార్లు పది గజాలు సాధిస్తారో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటాను. బావమరిది చాలాసేపు ఆ సీసాల వంక చూసి, "అయితే రేపు నేనూ అక్కడే చూస్తాను" అన్నాడు.

నా భార్య రేపటి టెయిల్‌గేటింగ్ కోసం చింతపండు నానబెట్టింది. స్టేడియం ఎదురుగా పయనీర్ హైస్కూల్ మైదానంలో కార్లు నిలిపి, డిక్కీలు తెరిచి, ఎవరు తెచ్చుకున్నది వాళ్ళు పక్కవాళ్ళతో పంచుకుంటారు. ఎదురింటి దంపతులు మాంసం కాలుస్తారు, మేము పులిహోర పట్టుకెళతాం. "ఏవండీ, ఇంగువ కాస్త ఎక్కువ వేయనా, చల్లారితే వాసన తగ్గుతుంది" అని అడిగింది, వేయమన్నాను. మా ఆరేళ్ళ పాప రెండు రిబ్బన్లు తీసుకొచ్చి, ఒకటి నీలం, ఒకటి మెరూన్, రెండింట్లోనూ పసుపు గీతలున్నాయని చూపించి, ఒక్కో జడకు ఒక్కోటి కట్టమంది.

ఇప్పుడు పదకొండు దాటింది. నా జాకెట్ కుర్చీ మీద ఉంది. ఛాతీ మీది బంగారు రంగు ‘సి’ అక్షరం ఒక అంచున ఊడి వస్తుంటే ఇందాక సూదీదారంతో నాలుగు కుట్లు వేశాను. మావాళ్ళ బస్సు ఈపాటికి మౌంట్ ప్లెజెంట్ నుంచి దక్షిణానికి వచ్చేసి ఉంటుంది. ఇరవై ఏళ్ళ పిల్లలు ఏదో హోటల్ గదిలో నిద్ర పట్టక దొర్లుతూ ఉంటారు. వాళ్ళలో చాలామంది ఈ రాష్ట్రంలోనే పుట్టి, చిన్నప్పుడు ఆ నీలం చొక్కా వేసుకోవాలని కలగని, అటునుంచి పిలుపు రాక మా దగ్గరికి వచ్చినవాళ్ళే. రేపు ఆ సొరంగం దాటి, లక్ష మంది మధ్యకు మొదటిసారి పరుగెత్తుకుంటూ వస్తారు. ఆ క్షణానికి నేను నా సీట్లో ఉండాలి, అందుకని తొమ్మిదికల్లా బయలుదేరదామని ఇంట్లో అందరికీ చెప్పాను.