ముప్పై కిలోల్లో ఇమిడినవి

తిరుపతి కొర్లగుంటలో మా నాయన ఇంటి వసారాలో రెండు పెట్టెలు నోరు తెరుచుకుని ఉన్నాయి. వాటి పక్కన కొక్కెం తగిలించి ఎత్తి చూసే చిన్న కాటా ఉంది. సంక్రాంతి వెళ్లి నాలుగు రోజులైనా పిండివంటల వాసన ఇంటిని వదలలేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో బడులకు డిసెంబరు నడుమ నుంచి జనవరి చివరి దాకా ఉండే వేసవి సెలవులు ముగియవస్తున్నాయి కాబట్టి, చెన్నై వరకు కారులోనూ, అక్కడి నుంచి సింగపూరు మీదుగా బ్రిస్బేన్‌కూ వెళ్లవలసిన రోజు దగ్గరపడింది. మనిషికి 30 కిలోలు. ఆరేళ్ల మా అమ్మాయి వాటా కూడా లెక్కకు నాదే గాని, అందులో ఏమి పెట్టాలో నిర్ణయించే అధికారం మాత్రం తనదేనని తాను గట్టిగా నమ్ముతోంది.

నేను బ్రిస్బేన్‌లో ఒక వృద్ధుల సంరక్షణాలయంలో నర్సును. నా భర్త ఒక గిడ్డంగిలో రాత్రి డ్యూటీ చేస్తాడు. ఒక షిఫ్టు నర్సు తరువాతి షిఫ్టు నర్సుకు రోగుల వివరాలు అప్పగించినట్టే, మేమిద్దరం వీధి తలుపు దగ్గర బిడ్డను అప్పగించుకుంటాం: తిన్నదా, హోంవర్కు అయిందా, జ్వరం తగ్గిందా. ఇలా బతికే ఇంట్లో ఏ వస్తువైనా, ఏ తిండైనా ఇష్టమైనదిగా నిలవాలంటే రుచి ఒక్కటే చాలదు. పొద్దున ఆరు గంటలకు నిద్రకళ్లతో డబ్బాలో సర్దడానికి అది వీలుగా ఉండాలి.

మా అమ్మ దృష్టిలో నా బిడ్డ తినవలసిన మొదటి చిరుతిండి చెనిక్కాయల ఉండ, అంటే వేరుశనగ ఉండ. వానను నమ్ముకుని మెట్టపొలంలో చెనిక్కాయ పండించిన చిత్తూరు జిల్లా కుటుంబం మాది. సంగటిలోకి ఊరుబిండి, బడికి పోయేటప్పుడు జేబు నిండా వేయించిన కాయలు, పండగకు బెల్లంపాకం ఉండలు, ఇలా మా బాల్యమంతా ఆ గింజ చుట్టూనే తిరిగింది. అటువంటి ఇంటి పిల్ల బ్రిస్బేన్‌లో తన బడికి తీసుకుపోకూడని మొదటి పదార్థం అదే. తరగతిలో వేరుశనగ పడని పిల్లలు ఉంటారు కాబట్టి గింజపలుకులు ఏవీ పంపవద్దని ఏడాది మొదట్లోనే తల్లిదండ్రులకు కాగితం ఇస్తారు. ఈ సంగతి చెప్పినప్పుడు మా అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "చెనిగ్గింజ తింటే పానం మీదికొస్తాదా? ఎవురన్నా ఇంటే నవ్వుతారు మే" అన్నది. నవ్వవలసిన విషయం కాదని నాకు తెలుసు. ఆ గింజ పడని మనిషికి నిమిషాలలో గొంతు వాచి ఊపిరి అందకపోవచ్చు. అప్పుడు తొడకు పొడిచే ఎడ్రినలిన్ సూదిని ఎలా వాడాలో నేను శిక్షణలో నేర్చుకున్నాను. అందుకే ఆ నియమం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వృక్షశాస్త్రం ప్రకారం చెనిక్కాయ కందికి, పెసరకు చుట్టమే తప్ప బాదానికి, జీడిపప్పుకు చుట్టం కాదని మాత్రం ఒకసారి టీచరుకు చెప్పబోయి, క్యూలో నా వెనుక నిలబడి ఉన్నవాళ్లను చూసి ఊరుకున్నాను.

చెనిక్కాయ ఖాళీ చేసిన స్థానాన్ని ఇప్పుడు బొరుగుల ఉండ ఆక్రమించింది. బెల్లాన్ని ముదురుపాకం పట్టి బొరుగులు కలిపి, చేయి కాలుతుండగానే ఉండ కట్టాలి. పాకం లేతగా దిగితే బ్రిస్బేన్ వేసవి తేమకు రెండు రోజుల్లో మెత్తబడి పిల్ల ముట్టదు. రెండో స్థానం పుట్నాలది. మూడవది మురుకులు, అయితే పిల్లలు ఒకరి తిండి ఒకరు పంచుకోకూడదన్న నియమం కూడా ఉండడం వల్ల, పక్కన కూర్చున్న నేస్తానికి ఒక్క మురుకు కూడా ఇవ్వలేకపోయానని మా అమ్మాయి మొదటి వారమంతా బాధపడింది. అన్నం విషయానికి వస్తే, మూత బిగువుగా ఉండే రెండు పొరల స్టీలు గిన్నె నాకు ఇప్పుడు ప్రాణం. దానిలో ముందుగా మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు మూత పెట్టి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు వేడి పప్పన్నం నింపితే మధ్యాహ్నానికి కూడా గోరువెచ్చగా ఉంటుంది. ఆ ఐదు నిమిషాలు బద్ధకించిన రోజు పిల్ల సగం అన్నం వెనక్కి తెస్తుంది. నాకు మాత్రం షిఫ్టు మధ్యలో ఫ్లాస్కులోని రాగిజావ చాలు. అది తాగుతుంటే, వృద్ధాప్యం కారణంగా గట్టి ఆహారం మింగలేని ఒక పెద్దావిడ, తన చిక్కటి పానీయం కంటే నాదే బాగున్నట్టుందని రోజూ అంటుంది.

ఇవి పెట్టెలో పడేముందు మరొక పరీక్ష ఉంది. ఆస్ట్రేలియాలో దిగే ప్రయాణికులు తమ వెంట ఉన్న ఆహారాన్ని కార్డులో తప్పక ప్రకటించాలి, దాచితే జరిమానా పడుతుంది. తాజా పండ్లు, పచ్చి ఆకులు, మొలకెత్తగల విత్తనాలు అక్కడ సాగవు. మా అమ్మ చీర మడతల్లో దాచిన కరివేపాకు ఒకసారి అక్కడి తనిఖీ బల్ల మీదనే ఆగిపోయింది. పాల పదార్థాలు చేరిన మిఠాయిల విషయంలోనూ కఠినంగా ఉంటారు. తిరుపతి అనగానే తోటి తెలుగువాళ్లు లడ్డూ తెమ్మంటారు. స్వామివారి ప్రసాదం చెత్తబుట్టలో పడడం చూడలేను గనుక తేను, వాళ్ల పేరు చెప్పుకుని ఇక్కడే నాలుగు ఎక్కువ తింటాను. క్రిందటి ప్రయాణంలో వాసన పట్టే లాబ్రడార్ కుక్క ఒకటి మా పెట్టెల దగ్గరకు వచ్చి నిలబడగానే మా అమ్మాయి భయపడలేదు సరికదా, "బ్లూయి వాళ్లమ్మ!" అని కేక వేసింది.

ఆ కేకకు అర్థం చెప్పాలి. 2018లో ఏబీసీ అనే ప్రభుత్వ ప్రసార సంస్థలో మొదలైన ‘బ్లూయి’ అనే బొమ్మల కార్యక్రమం బ్రిస్బేన్‌లో కాపురముండే ఒక కుక్కల కుటుంబం కథ. అందులో నాన్న పురావస్తు శాస్త్రవేత్త, అమ్మ విమానాశ్రయ భద్రతలో పని చేస్తుంది. ఒక్కొక్క భాగం సుమారు 7 నిమిషాలు, ఆ ఛానెల్లో వాణిజ్య ప్రకటనలు ఉండవు. నాకు ఆ ఏడు నిమిషాలే ముఖ్యం: రెండు భాగాలైతే కుక్కరు మూడు కూతలు కూసి దిగుతుంది, బిడ్డను తెర ముందు వదిలేశానన్న దిగులు కూడా అంతగా ఉండదు. ఒక్కటే చిక్కు. ఆ నాన్న ఎప్పుడు అడిగినా ఆటకు సిద్ధంగా ఉంటాడు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి మంచం మీద వాలిన మా ఇంటి నాన్నను లేపి, మా అమ్మాయి అదే ఆట ఆడమంటే ఆయన కళ్లు మూసుకునే గుర్రమవుతాడు.

నా తెర వేరు. తిరుమల గుడి ముందు వేదిక మీద సాయంత్రం జరిగే నాదనీరాజనం కచేరీ దేవస్థానం వారి ఎస్వీబీసీ ఛానెల్లో వస్తుంది. బ్రిస్బేన్ మనకంటే నాలుగున్నర గంటలు ముందు, అక్కడ వేసవిలో గడియారం మార్చే పద్ధతి కూడా లేదు కాబట్టి ఏడాది పొడవునా లెక్క ఒక్కటే. నేను సాయంత్రం షిఫ్టు ముగించి బస్సెక్కేటప్పటికి తిరుమలలో అన్నమయ్య కీర్తన పాడుతూ ఉంటారు. కచేరీ కంటే, వెనుక దుప్పట్లు కప్పుకుని నడిచే జనాన్ని చూడడానికే దాన్ని పెట్టుకుంటానేమో.

అలంకరణ వస్తువుల సంగతి చెప్పాలంటే నాకు మిగిలింది ఒక్క గడియారం. రోగుల మధ్య చేతుల శుభ్రత కోసం మోచేతి కింద గాజులు, వాచీలు ఉండకూడదు. అందుకే చొక్కాకు పిన్నుతో తగిలించుకునే, నాకు మాత్రమే నేరుగా కనిపించేటట్టు తలకిందులుగా వేలాడే చిన్న గడియారం పెట్టుకుంటాను. "బోసి చేతుల్తో ఎట్ల తిరగతావు మే" అని మా అమ్మ ఈ నెల రోజులూ డజను గాజులు వేయించింది, చెన్నైలో తీయాలి. మా అమ్మాయికి మాత్రం ఈసారి టోపీయే సర్వస్వం. టోపీ లేకపోతే ఆటలేదన్నది అక్కడి బడుల నియమం. ఆ ఎండలోని అతినీలలోహిత కిరణాలు మన రేణిగుంట ఎండలా చెమట పట్టించి హెచ్చరించవు, ఊరికే చర్మాన్ని కాల్చేస్తాయి. పోయిన వారం కల్యాణకట్టలో మొక్కు తీర్చి దాని జుట్టంతా స్వామికి ఇచ్చాం. చిన్నప్పటి మొదటి గుండు తరువాత దాని టీచరు నన్ను పక్కకు పిలిచి, పాపకు ఏమైనా జబ్బా అని ఎంతో మెల్లగా అడిగింది. ఈసారి ముందే ఉత్తరం రాసి పెట్టుకున్నాను. వెడల్పు అంచు టోపీలు రెండు కొన్నాం.

ఇక పుస్తకాలు, బరువంతా వాటిదే. 1947 జూలైలో మొదలైన చందమామను మా నాయన పన్నెండేసి సంచికలు కలిపి బైండు చేయించి దాచుకున్నాడు. బేతాళ కథలు నా వంటి తల్లికి ఎందుకు నచ్చుతాయంటే, కథ కొద్ది పేజీల్లోనే అయిపోతుంది, చివర ప్రశ్న ఉంటుంది. విక్రమార్కుడు చెప్పకముందే తాను జవాబు చెప్పాలని పిల్ల ఆలోచిస్తూ ఉండగా నేను రేపటి యూనిఫాం ఇస్త్రీ చేసుకోవచ్చు. విక్రమార్కుడు భుజాన శవాన్ని మోస్తున్నట్టు శంకర్ గీసిన ఆ బొమ్మను చూసి భయపడుతుందేమో అనుకున్నాను, తాను దాన్ని గుర్రం ఆట అనుకున్నది. నాకోసం నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ ఒక్కటి పెట్టుకున్నాను. టీ విరామం పది నిమిషాల్లో ఒక కథ చదివితే, అందులోని మిట్టూరు పల్లె అమ్మ మాట మా అమ్మ గొంతుతోనే వినబడుతుంది. అది పెద్దగా చదివి వినిపిస్తే మా అమ్మాయి, "ఇది అవ్వ తెలుగు కదా, పుస్తకంలోకి ఎట్లా వచ్చింది?" అని అడిగింది.

నాయన కాటా కొక్కెం పెట్టె పిడికి తగిలించి ఎత్తాడు. 31 కిలోల 400 గ్రాములు. ఆయన ఏమీ మాట్లాడకుండా 1974 సంపుటం తీసి పక్కన పెట్టాడు, మళ్లీ ఎత్తాడు, ఇంకా ఎక్కువే. అమ్మ వంటింట్లో నుంచి మురుకుల డబ్బా తెచ్చి నా చేతిసంచిలో అడుగున దూర్చుతున్నది. మా అమ్మాయి పెట్టెలోంచి తన టోపీలు రెండూ లాగి, ఒకదాని మీద ఒకటి నెత్తిన పెట్టుకుని, ఇప్పుడు తూచమని తాతను అడుగుతోంది.